శివరాం కట్టే శిథిలాలు

శివరాం కట్టే ఇళ్లలో ఎవరూ కాపురం ఉండరు. ఒక్కోటి జానెడు ఎత్తు. పైకప్పు ఉండదు, గోడలు సగం కూలి ఉంటాయి. బొంబాయి వర్లిలో ఒక ఆటల క్లబ్బు ఉంది. అక్కడ డబ్బున్న కుర్రాళ్లు పెద్ద బల్ల మీద బొటనవేలంత సైనికుల్ని నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. ఆ సైనికులు నక్కడానికి బాంబులు పడ్డ ఊరొకటి కావాలి. శివరాం దాన్ని ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మకోల్, అట్టలు, ఐస్‌క్రీం పుల్లలు, ఇసుక, జిగురుతో చేసిస్తాడు.

అతనికి నలభై రెండేళ్లు. కామాటిపుర పదకొండో గల్లీలో మా ఎదురుగది. వినాయకుడికి థర్మకోల్ మండపాలు చెక్కడమే చాలాకాలం అతని బతుకు. వాటిని నిషేధించాక కొరియర్ సంచీ మోశాడు. ఈ నగరాన్ని కట్టింది మన తాతలే అని దాదర్‌లో తెలుగువాళ్ల సభ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు మైకులో చెబుతారు. ఆ తాతల మనవడు తల్లి మంచం కింద అట్టముక్కల ఊరిని దాచుకుంటున్న సంగతి చెప్పడానికి ఏ మైకూ లేదు.

క్లబ్బు పని ఇప్పించింది హితేష్. మా గల్లీలో పుట్టినవాడే, ఇప్పుడు ఆ క్లబ్బు చూసుకుంటున్నాడు. ఆదివారం పోటీ ఉందనీ, ఆరు కూలిన భవనాలు కావాలనీ, శనివారం సాయంత్రం ఐదింటికి వచ్చి చూస్తాననీ చెప్పాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని శివరాందే. నచ్చకపోతే క్లబ్బువాళ్లు భవనాలు అచ్చుపోసే యంత్రం కొంటారు, ఇక శివరాంని పిలవరు.

శనివారం పొద్దున ఆరు భవనాలూ గచ్చు మీద వరసగా పెట్టి, శివరాం రంగు కోసం గ్రాంట్ రోడ్ వెళ్లాడు. అతని గది అటక మీద యాదయ్య అద్దెకుంటాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. పొద్దున పోతే రాత్రికి గాని రాడు, ఈ ఇళ్ల సంగతి అతనికి తెలీదు. ఆ రోజు కూలీలు పనికోసం నిలబడే నాకా మీద ఎవరూ పిలవక పదింటికల్లా గదికొచ్చేశాడు.

రెండింటికి శివరాం తలుపు తీశాడు. ఆరు భవనాల్లో ఒక్క పగులు లేదు. విరిగిన అంచులన్నీ దారం పట్టి గీసినట్టు సమం. పగుళ్ల నిండా తెల్లటి పుట్టీ. యాదయ్య తాపీ తుడుచుకుంటున్నాడు.

"ఏం జేసినవ్ మామా?"

"గోడలు పలిగినయ్ గదా. పిల్లలు తొక్కినరేమో అనుకున్న. నువ్వొచ్చేసరికి సాపుజేసి పెట్టిన. తూకం గుండు పట్టి జూస్కో, వెంట్రుకంత తేడా ఉండది."

శివరాం తల్లి వజ్రమ్మ మంచం మీంచి అంది. "నేను చెప్పిన, అవి గట్లనే ఉండాలెనట అని. పలిగిన ఇల్లు ఎవడన్న అడుగుతడా అమ్మా అన్నడు. నాగ్గూడ నిజమే అనిపిచ్చింది."

శివరాం సుత్తి తీసి మొదటిదాన్ని కొట్టాడు. పుట్టీ పెచ్చుగా లేచిపోయింది. కింది అట్ట నలిగి, చింపిన బిస్కెట్ డబ్బాలా తేలింది. బాంబు పడ్డట్టు కాదు, ఎవరో కాలితో తన్నినట్టుంది. రెండోదాని మీదికి సుత్తి ఎత్తాడు.

"అట్ల గాదు," అన్నాడు యాదయ్య.

"మరెట్ల? నువ్వే చెప్పు. ఐదింటికి హితేష్ వస్తడు."

"గోడ నీ ఇష్టమొచ్చిన కాడ పలగదు. కిటికీ మూలకాడ షురువైతది, ఏటవాలుగ మీదికి పోతది. స్లాబు నడిమిట్ల కుంగుతది. ఇల్లు కూలంగ ఎన్నడన్న జూసినవా?"

"లేదు."

"ఈ బొంబాయిల నేను కట్టినయ్ తక్కువ, కూలగొట్టినయ్ ఎక్కువ. ఇటియ్యి."

పుట్టీ మీద తడిగుడ్డ కప్పి నాననిచ్చాడు. మేకు మొనతో కిటికీ మూలనుంచి గీత లాగి, వేలితో మెల్లగా నొక్కాడు. గోడ తనంతట తానే విడిపోయింది. తన సంచీలోని కట్టుతీగ ముక్కలు వంచి, కుంగిన స్లాబులోంచి చువ్వల్లా వేలాడదీశాడు. వెనకాలే శివరాం రంగు వేశాడు. నేను గుమ్మంలో నిలబడి టైం చెబుతుంటే ఇద్దరూ నన్ను తిట్టారు. చిరిగిన మొదటిదాన్ని ముక్కలు చేసి రాళ్లకుప్పగా మార్చారు.

ఐదూ పదికి హితేష్ వచ్చాడు. జేబులోంచి ఒక సైనికుణ్ణి తీసి ఒక్కో అంతస్తు మీద నిలబెట్టాడు. ఎక్కడా ఒరగలేదు.

"ఐదే ఉన్నయ్ మామా?"

"ఆరోది పూర్తిగ కూలింది," అని శివరాం కుప్ప చూపించాడు.

హితేష్ నవ్వి, ఒక పగులు వెంట వేలు జరిపాడు. "ఏక్‌దమ్ అస్లీ. ఈ పగుళ్లు ఎవరు కొట్టిన్రు?"

యాదయ్య గది మూల నీళ్ల మోరీ దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నీళ్ల చప్పుడు ఆగింది.

"నేనే," అన్నాడు శివరాం.

"అయితే పదిహేనో తారీఖుకి ఎనిమిది టేబుళ్లకు సరిపడ కావాలె. సేమ్ ఇట్లనే పలగాలె, సరేనా?"

హితేష్ భవనాలు టాక్సీలో పెట్టించుకుని వెళ్లాడు. యాదయ్య అన్నం తిని, తాపీ సంచీలో పెట్టుకుని అటక ఎక్కాడు. ఆదివారమంతా శివరాం వైపు చూడలేదు. సోమవారం శివరాం ఒక్కడే నాలుగు గోడలు చేసి, పుట్టీ పెట్టి, తడిగుడ్డ కప్పి, మేకుతో గీశాడు. నాలుగూ చిరిగాయి.

మంగళవారం పొద్దున నాకాకి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. కూలీలు వరసగా నిలబడి ఉన్నారు. పనికి పిలిచేవాళ్లు వచ్చే వైపునుంచి శివరాం రావడం చూసి, యాదయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏం పని సేఠ్?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"మామా, ఇంటికి రా. నాతోటి అయితలేదు."

"శనివారం అయింది గదా. ఎవరు కొట్టిన్రు?"

"నువ్వే."

"నాకెందుకు చెప్తవ్? ఆ పిల్లగానికి చెప్పు."

అబద్ధమాడానని తెలిస్తే హితేష్ పని మొత్తం తీసేయవచ్చు, యాదయ్యకే ఇవ్వవచ్చు. శివరాం ఫోన్ తీశాడు. నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. "హితేష్, ఆ పగుళ్లు నేను కొట్టలే. మా యాదయ్య మేస్త్రీ కొట్టిండు. నాకు ఆ పని రాదు."

"అరె మామా, ఎవరు కొడితే నాకేంది? పదిహేను మర్చిపోకు." ఫోన్ పెట్టేశాడు.

యాదయ్య ఆ ఫోన్‌కేసి చూశాడు. తర్వాత సంచీ భుజానికెత్తుకున్నాడు.

"నడువ్. కొట్టేది నేను. నువ్వు రంగులేస్కో."