సున్నిపిండికి గడి లేదు

మా అమ్మాయికి రెండున్నరేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. గోక్కుని గోక్కుని దుప్పటి మీద రక్తపు మరకలు చేసేది. స్నానం రోజూ చేయించాలా, తగ్గించాలా అని డాక్టరుని అడిగితే, "నిజం చెప్పాలంటే మాకూ కచ్చితంగా తెలియదు" అన్నారావిడ. అది తేల్చడానికే ఒక పరిశోధన జరుగుతోందట. తెలియదని నాతో ఒప్పుకున్న మొదటి డాక్టరు ఆవిడే. అందుకే చేరాను. ఎవరెన్ని స్నానాలు చేయించాలో చీటీ తీసినట్టు కంప్యూటరు నిర్ణయిస్తుంది. మాకు వారానికి రెండు వచ్చాయి.

అప్పటికి మా అత్తగారు గుంటూరు నుంచి సముద్రాలు దాటి ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటికి వచ్చి నెలైంది.

"మావాడు కారునే వారానికోసారి కడుగుతాడు. నా మనవరాలు కారుకంటే ఒక్కసారే ఎక్కువా, అమ్మాయ్?"

"డాక్టర్లు చెప్పారు అత్తయ్యా."

"తెలీదన్న డాక్టర్లేగా!"

ఒక గురువారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. పిల్ల దగ్గర సున్నిపిండి వాసన.

"నానమ్మ గేవ్ మీ బాత్! సీక్రెట్!" అంది ఆనందంగా.

మూడు వారాలుగా, నేను స్నానం చేయించని రోజులన్నిట్లో ఇదే జరుగుతోందట. ఆ మూడు వారాలూ నేను పరిశోధన వాళ్లిచ్చిన డైరీలో 'రెండు' అని రాస్తూనే ఉన్నాను. పిల్ల మోచేతులు మాత్రం ముందుకంటే ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడదంతా రాయకు," అన్నాడు మా ఆయన. "ఇండియన్స్ చెప్పిన మాట వినరనుకుంటారు. స్టడీలోంచి తీసేస్తారు."

ఆ భయం నాకూ ఉంది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకునే మనిషిని నేను. కానీ నా అబద్ధాన్ని లెక్కలో వేసుకుని, రేపు ఎవరో డాక్టరు ఇంకో తల్లికి 'స్నానాలు తగ్గిస్తే లాభం లేదు' అని చెబితే?

"తీసేస్తే తీసెయ్యనీ" అని మూడు వారాల్లోనూ 'రెండు' కొట్టేసి 'ఏడు' రాశాను. స్నానాలకు, క్రీముకు గడులున్నాయి. సున్నిపిండికి లేదు. పక్కన మార్జిన్‌లో రాశాను.

"నా పేరు రాశావా?" అని అడిగారు అత్తగారు.

"సున్నిపిండి పేరు రాశాను."

"అదేమన్నా విషమా?"

"తెలీదు అత్తయ్యా. తెలుసుకుందామనే."

మర్నాడు పరిశోధన నర్సుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. తీసెయ్యం, నిజం రాయడమే మాకు కావాలి అంది. కానీ మార్జిన్‌లో రాసినవి కంప్యూటర్లోకి ఎక్కవట.

"అయితే గడి పెట్టండి," అన్నాను. "మా ఇళ్లల్లో పిల్లల ఒంటికి ఏం రుద్దుతామో మీరు అడగకపోతే, చివరికి మీకొచ్చే జవాబు మా పిల్లలకెలా పనికొస్తుంది?"

డాక్టర్లతో మాట్లాడతానంది నర్సు. మాటేమీ ఇవ్వలేదు.

ఫోన్ పెట్టేసరికి అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇంగ్లీషులో ఇంతలా పోట్లాడతావని తెలీదే నాకు," అన్నారు. "సున్నిపిండిలో పసుపు, కచ్చూరాలు కూడా కలుపుతాను. అది చెప్పావా?"

చెప్పలేదు. మళ్లీ ఫోన్ చేశాను.