జిప్పోరక్క పెట్టని సంతకం

ఆది జాకెట్టు అంటే ఏమిటో ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. మగవాళ్ళ కోసం, అందులోనూ కోటు వేసుకుని నోటీసులు పంపే మగవాళ్ళ కోసం చెబుతున్నాను. కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తీసుకెళ్ళి దర్జీకి ఇస్తారు. దాన్నే ఆది అంటారు. దర్జీ దాన్ని బల్ల మీద పరిచి, కొలుచుకుని, అదే కొలతకు కొత్తది కుట్టి, ఆదిని వెనక్కి ఇచ్చేస్తుంది. మా అమ్మ అలాగే కుట్టించుకుంది, ఆమె అమ్మా అలాగే కుట్టించుకుంది. ఈ పద్ధతి మేం కనిపెట్టాం, ఇది మా సొత్తు అంటూ ఒక కంపెనీ ఆబిడ్స్‌లో ఒక ఆడమనిషి మీదికి వచ్చింది. ఆ కాగితం చదివి వినిపించింది నేనే. అప్పుడు మండిన ఒళ్ళు ఇప్పటికీ చల్లారలేదు.

నా పేరు శ్రీపతి. నాంపల్లి కోర్టు గేటుకు ఎదురుగా ముప్పయ్యొక్క ఏళ్ళుగా టైపు చేసి బతుకుతున్నాను. మిషను పోయి కంప్యూటరు వచ్చింది, అంతే తేడా. విడాకులు, చెక్కు బౌన్సులు, ఇల్లు ఖాళీ చేయమనే నోటీసులు, ఎన్ని నా వేళ్ళ కింది నుంచి పోయాయో నాకే తెలియదు. నోటీసు చూసి బెదిరే రకం కాను. అబద్ధాన్ని ఎంత అందంగా రాస్తారో కూడా బాగా తెలుసు. అయినా ఇంత సిగ్గులేని అబద్ధం ఇన్నేళ్ళలో నేను టైపు చేయలేదు.

ఆ ఆడమనిషి పేరు జిప్పోరక్క. ఆమెది మెదక్ పక్క ఊరు. తండ్రి చర్చి కాంపౌండులో తోటపని చేసేవాడు. పదో తరగతి తప్పితే అక్కడే మిషనరీ వాళ్ళ కుట్టు బడిలో వేశారు. ఆ బడిలో మాబెల్ టీచరు ఉండేది. కుట్టు వంకర పోతే చెక్క స్కేలుతో వేళ్ళ మీద ఒకటి ఇచ్చేదట. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక జిప్పోరక్క ఆబిడ్స్‌లో ఒక సూట్ల దుకాణంలో కాజాలు కుట్టే పనికి చేరింది. తొమ్మిదేళ్ళు కాజాలే. ఆడదాని చేతికి కత్తెర ఇస్తే బట్ట పాడవుతుందని ఆ దుకాణం మాస్టరు అనేవాడట. భర్త ఆనంద్ పాల్ నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేస్తూ పోయాడు. ఆ ఏడాదే ఆమె పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మొదటి అంతస్తులో, ఒకే ఒక్క మిషనుతో సొంత దుకాణం పెట్టింది. నోటీసు వచ్చేనాటికి ఆరుగురు ఆడవాళ్ళు అక్కడ కుడుతున్నారు. నా భార్య ఇరవై ఏళ్ళుగా ఇంకోచోట జాకెట్టు కుట్టించలేదు.

ఆమె పనితనమంతా ఆదిని చూడటంలో ఉంది. పక్క కుట్టు విప్పిన గుర్తు కనిపిస్తే మనిషి ఒళ్ళు చేసిందని తెలుసుకుంటుంది. ఒక భుజం దగ్గర బట్ట ఎక్కువ నలిగితే ఆ భుజానికి రోజూ బ్యాగు తగిలిస్తుందని చెబుతుంది. అడక్కుండానే ఆ మేరకు సర్ది కుడుతుంది.

కాలం మారింది. పాత గిరాకీ అంతా మియాపూర్‌కూ కొంపల్లికీ వెళ్ళిపోయింది. ఆబిడ్స్‌లో బండి పెట్టడానికి జాగా దొరక్క జనం రావడం తగ్గించారు. అప్పుడు నవత ఒక దారి చూపించింది. నవత ఆ దుకాణంలోనే హెమ్మింగు చేస్తూ డిగ్రీ చదివిన పిల్ల, ఇప్పుడు ముప్పై దాటింది, కంప్యూటరు పనంతా ఆమెదే. ఇంట్లోనే ఆది జాకెట్టును మంచం మీద పరిచి, పక్కన పిల్లల స్కేలు ఒకటి పెట్టి, పై నుంచి ఫొటో తీసి పంపితే చాలు. స్కేలు పొడవు తెలుసు కాబట్టి జాకెట్టు కొలతలు కంప్యూటరు లెక్కగట్టి ఇస్తుంది. ఆ తర్వాత జిప్పోరక్క తన కంటితో చూసి సరిచేస్తుంది. ఈ ఫొటోలూ లెక్కలూ ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ కంప్యూటర్లలో నడుస్తాయి. నెలనెలా కిరాయి కట్టాలి, కిరాయి ఇల్లు లాంటిదే. పైగా ఆ కంపెనీ ఒక మాట కూడా రాసిచ్చింది. మా దగ్గర కిరాయికున్న వ్యాపారుల మీద ఎవరైనా పేటెంటు దావా వేస్తే మీ తరఫున మేమే కొట్లాడతాం, ఖర్చు మాది అని. నవత ఆ కాగితం అచ్చుతీసి దుకాణం గోడకు అంటించింది.

పోయిన ఏడాది జూలైలో జిప్పోరక్క మందపాటి కవరు ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర గిది సదివి చెప్పు. తిడుతున్నరా, పొగుడుతున్నరా సమజైతలేదు."

చదివాను. "తిడుతున్నరక్కా. బట్ట పక్కన స్కేలు వెట్టి, బట్టను చూసి కొలత తీసుడు వాళ్ళ పేటెంటంట. నువ్వు దొంగతనం చేసినవంట. ఆ ఫొటోల పని బంద్ చెయ్యాలె, లేకుంటే కోర్టంట."

ఆమె మొదట నవ్వింది. "గట్లయితే మా మాబెల్ టీచర్ గూడ దొంగేనా?"

పేటెంటు అంటే కొత్తగా ఏదైనా కనిపెట్టినవాడికి సర్కారు ఇచ్చే హక్కు. కొత్తగా అన్న మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ కంపెనీ దాన్ని హాయిగా మరిచిపోయింది.

నవత వెంటనే క్లౌడ్ కంపెనీకి రాసింది. మర్నాడే జవాబు వచ్చింది. మీరు ఫికర్ పడనక్కరలేదు, మా వకీళ్ళు చూసుకుంటారు అని. నేను కూడా పొంగిపోయాను. పెద్దవాడు చిన్నవాడి పక్కన నిలబడ్డాడు, రోజులు మారాయి అనుకున్నాను. ముప్పయ్యొక్క ఏళ్ళు కోర్టు గేటు ముందు కూర్చున్నవాడికి ఆ మాత్రం బుద్ధి ఉండొద్దా.

పాత రుజువులు ఏమైనా ఉంటే పంపమన్నారు. జిప్పోరక్క ఇంట్లో ట్రంకుపెట్టె తీసి తన కుట్టు బడి రికార్డు పుస్తకం పట్టుకొచ్చింది. అట్ట చీకిపోయింది. ఆరో పాఠం తెరిచి చూపించింది. పైన గుండ్రటి అక్షరాలతో "ఆది బట్ట నుండి కొలతలు తీయు విధానము" అని ఉంది. కింద సిరాతో గీసిన జాకెట్టు బొమ్మ, దాని పక్కనే చెక్క స్కేలు బొమ్మ, అంగుళాల గీతలతో సహా. అడుగున ఎర్ర సిరాతో మాబెల్ టీచరు సంతకం, తేదీ. 1987 ఫిబ్రవరి. నోటీసు పంపిన కంపెనీ అప్పటికి పుట్టను కూడా లేదు. నాకు ఆ పేజీ చూసి కళ్ళు చెమర్చాయి. కేసు గెలిచేశామని నవత అందరికీ చాయ్ తెప్పించింది.

రెండు నెలల తర్వాత క్లౌడ్ కంపెనీ తరఫు అడ్వకేటు ప్రణవి వీడియోలో మాట్లాడింది. నన్నూ రమ్మంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయిది మంచి మర్యాద. తిట్టడానికి కూడా సందు ఇవ్వలేదు.

"మేడం, మీ రికార్డు చాలా గట్టి ఆధారం. నేనే ఆశ్చర్యపోయాను. కానీ కేసు నడిపితే మూడు నాలుగేళ్ళు పడుతుంది. రాజీ అయితే ఈ నెలలోనే అయిపోతుంది. మా కంపెనీ ఆ నోటీసు పంపినవాళ్ళతో రాజీ చేసుకుంది. మీకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఫొటోల పని ఎప్పటిలాగే నడుపుకోవచ్చు. ఒక కాగితం పంపుతున్నాం, సంతకం పెడితే చాలు."

"సాక్ష్యం ఉన్నంక రాజీ ఎందుకమ్మా?" అని జిప్పోరక్క అడిగింది.

"మాతో మీకున్న ఒప్పందంలో ఉంది మేడం. కొట్లాడాలా, ఆపాలా అన్నది నిర్ణయించేది మా కంపెనీయే. మీరు సంతకం పెట్టకపోతే మా రక్షణ మీకు వర్తించదు."

కాగితం కొరియర్లో వచ్చింది. ఖరీదైన కాగితం, దళసరిగా, పెళ్ళిపత్రికలా ఉంది. అందులో అసలు వాక్యం ఒక్కటే. ఈ పద్ధతిని సదరు కంపెనీయే కనిపెట్టినదని, వారి అనుమతితోనే నేను వాడుకుంటున్నానని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. పెట్టెయ్యమని చెప్పింది నేనే. "అక్కా, ఒక్క గీత. నీ దుకాణం నడుస్తది, ఆరుగురి పొట్ట నిండుతది. గీ కాగితాల మీద నిజాలు ఎవలు రాస్తరు?" అన్నాను. ఎన్నో అబద్ధాలు టైపు చేసిన వేళ్ళు కదా, వాటికి ఇంకొకటి బరువనిపించలేదు. ఆమె నా వైపు చూసి, కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టింది. శుక్రవారం దాకా గడువు ఉంది, చూద్దామంది.

బుధవారం నాడు రాజనర్సు మెట్లెక్కి వచ్చాడు. కోఠిలో ఉమెన్స్ కాలేజీ ఎదురు సందులో రెండు మిషన్లు పెట్టుకుని కుట్టే ముసలి దర్జీ. గిరాకీ వాళ్ళు ఫోన్లో ఆది ఫొటో పంపితే మనవరాలు ఏదో ఉచిత యాప్‌లో వేసి కొలతలు తీసిస్తుంది. అతనికి ఏ క్లౌడ్ కంపెనీ రక్షణా లేదు, గోడకు ఏ కాగితమూ లేదు. చేతిలో మాత్రం అదే మందపాటి కవరు.

"అక్కా, గిండ్ల నీ పేరుంది," అన్నాడు.

నేను లాక్కుని చదివాను. ఆబిడ్స్‌లోని జిప్పోరా లేడీస్ టైలర్స్ సహా నగరంలోని పలు దుకాణాలు మా హక్కును ఇప్పటికే గుర్తించాయి కనుక, మీరు కూడా పది రోజుల్లో అంగీకరించాలి అని రాసి ఉంది. ఆమె ఇంకా సంతకమే పెట్టలేదు. సిరా ముట్టని సంతకాన్ని చూపించి అప్పుడే ఇంకొకడి మెడ మీద కత్తి పెట్టారు.

రాజనర్సు గొంతు పెంచలేదు. "నువ్వు ఒప్పుకున్నవంట గద. నీ ఎనక గంత పెద్ద కంపెనీ ఉండి నువ్వే ఒప్పుకుంటే, నేనెంత?"

దుకాణంలో మిషన్లన్నీ ఆగిపోయాయి. నాకు ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు. క్లౌడ్ కంపెనీ వాళ్ళు రక్షించింది ఎవర్ని? వాళ్ళ ఖర్చును వాళ్ళు రక్షించుకున్నారు. ఆ రాజీకి డబ్బు బదులు జిప్పోరక్క పేరు కట్టారు. ఆ పేరు పట్టుకుని నోటీసుల కంపెనీ వాళ్ళు రక్షణ లేనివాళ్ళందరి గుమ్మాలూ ఎక్కుతారు. అఫ్జల్‌గంజ్ దాకా, సికింద్రాబాద్ దాకా.

జిప్పోరక్క నవత చేత ప్రణవికి ఫోను చేయించింది. స్పీకరు పెట్టమంది.

"అమ్మా, నేను సంతకం వెట్ట."

"మేడం, ఆలోచించండి. సంతకం లేకపోతే మా కంప్యూటర్లలో మీ ఫొటోల సర్వీసు ఆగిపోతుంది. కేసు వస్తే మీరు ఒక్కరే పడాలి."

"పడత. గీ పని నాకు మాబెల్ టీచర్ నేర్పింది. వేళ్ళ మీద కొట్టి నేర్పింది. ఆమె బతికుండంగ, గిది వేరేటోళ్ళు నేర్పిన్రని నేనెట్ల రాసియ్యాలె? నా సంతకం తీస్కపోయి గీ ముసలాయన పొట్ట గొడతరు. నీకు తెల్వదా బిడ్డా?"

"తెలుసు మేడం," అని ఆ అమ్మాయి మెల్లగా అంది. తర్వాత ఫోను పెట్టేసింది.

శనివారం నుంచి ఫొటోల పేజీ తెరుచుకోలేదు. మీరు ఇక మా రక్షణ పరిధిలో లేరని ఉత్తరం వచ్చింది. దానితో పాటు, మనసు మార్చుకుంటే సంతకం పెట్టమని అదే కాగితం ఇంకో ప్రతి. ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. ఆరుగురిలో ఇద్దర్ని వేరే దుకాణంలో పనికి పంపాల్సి వచ్చింది, ఆ రోజు జిప్పోరక్క అన్నం ముట్టలేదు. వీళ్ళు చేసిన తప్పేంటో ఎవరైనా నాకు చెప్పాలి. పేటెంటు ఇచ్చిన ఏడాది లోపల, అది కొత్తది కాదని ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చట. వీళ్ళ పేటెంటుకు ఇంకా ఏడాది నిండలేదు. నేను టైపు చేసిపెట్టే వకీలు శ్యామ్‌సుందర్ గారు ఆ దారి చెప్పి, ఫీజు వద్దని దరఖాస్తు రాసిచ్చారు. టైపు నాది. ఈసారి ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను.

సాక్షి కావాలి కాబట్టి మెదక్ వెళ్ళాం. మాబెల్ టీచరుకు ఎనభై ఆరేళ్ళు. రికార్డులో ఆరో పాఠం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "గీ జాకెట్టు చెయ్యి వంకర గీసినవే," అంది. జిప్పోరక్క చిన్నపిల్లలా తల దించుకుంది. జరిగిందంతా నేను చెప్పాను. ఆమె వాంగ్మూలం మీద సంతకం పెట్టి, పెన్ను వదల్లేదు.

"నాయనా, నాకు నేర్పిన టీచరమ్మ పేరు గూడ రాస్తవా? ఆమెకు ఎవలు నేర్పిన్రో నాకు తెల్వదు. తెలిస్తే అది గూడ చెప్తుంటి."

ఆ పేరు కూడా రాశాను. చెన్నైలోని పేటెంట్ల ఆఫీసుకు వెళ్ళిన దరఖాస్తు మీద మొదటి సంతకం జిప్పోరక్కది, రెండోది రాజనర్సుది. వాళ్ళ కింద కోఠి, బేగం బజార్, అఫ్జల్‌గంజ్ దర్జీలు అరవై రెండు మంది. రాత రానివాళ్ళు వేలిముద్ర వేశారు. ఇంకా తీర్పు రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. నోటీసులో పెట్టిన పది రోజుల గడువు దాటి ఏడు నెలలైనా రాజనర్సు మీద కేసు మాత్రం రాలేదు.

ఫొటోలు లేకపోవడంతో ఇప్పుడు ఆదులు పార్సిళ్ళలో వస్తున్నాయి. పేపర్లో చుట్టి మియాపూర్ నుంచి కొందరు పోస్టులో పంపుతున్నారు, కొందరు మెట్రోలో వచ్చేవాళ్ళ చేతికిస్తున్నారు. మొన్న నా భార్య నాకూ ఒక పొట్లం ఇచ్చింది, దారిలో విప్పొద్దని చెప్పి మరీ. తీసుకెళ్ళేసరికి జిప్పోరక్క బల్ల మీద ఏదో దళసరి కాగితం పెట్టి పెన్సిలుతో జాకెట్టు చెయ్యి ఆకారం గీస్తోంది, బట్ట మీద పెట్టి గీసుకునే పాటర్ను కోసం. తొంగి చూస్తే ఆ సంతకం కాగితమే.

"గిసొంటి కాగితం బయట దొరకదన్నా. చెయ్యి పాటర్నుకు మంచిగుంటది," అని కత్తెర అందుకుంది. అంగీకరిస్తున్నాను అన్న మాట దగ్గర కత్తెర మలుపు తిరిగింది. ఇప్పుడా పాటర్ను గోడ మీద, నవత కాగితం అంటించిన చోట, మేకుకు వేలాడుతోంది. ఆ తర్వాత కుట్టిన పొట్టి చేతుల జాకెట్లన్నిటికీ చేతుల వంపు దాన్ని పెట్టే గీశారు, కొలత మాత్రం ఎవరి ఆదిని బట్టి వాళ్ళది.