బొటనవేలి గోరంత

నా చిన్నప్పుడు, అంటే మా ఊళ్ళో ఫోను చేయాలంటే పసుపు రంగు బూత్ ముందు నిలబడాల్సిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. నా స్నేహితురాలు ఆ సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తాడిపత్రి వెళ్ళిపోతోంది. వాళ్ళ నాయన మగ్గం అమ్మేసి అక్కడ బండల పాలీషు పనిలో చేరాడు. తాడిపత్రి మరీ దూరమేమీ కాదు. కానీ ఆడపిల్లను ఒంటరిగా బస్సెక్కనివ్వని ఇంట్లో పుట్టినదానికి తాడిపత్రి అయినా ఒకటే, ఢిల్లీ అయినా ఒకటే.

ఆమె నన్ను మరిచిపోతుందన్నది నా భయం. నేను మరిచిపోతానన్నది ఆమె భయం. అందుకని ఇద్దరం ఒక పథకం వేసుకున్నాం. ఆదివారం సంతకు పచ్చబొట్లు పొడిచే ఆయన వస్తాడు. లారీ బ్యాటరీకి తగిలించిన చిన్న మిషను, పక్కనే తేళ్ళూ పాములూ బాణం గుచ్చుకున్న గుండెలూ గీసిన అట్ట. నా పేరు ఆమె మణికట్టు మీద, ఆమె పేరు నా మణికట్టు మీద. షరతు ఒక్కటే, అమ్మలకు కనబడకూడదు. గాజుల కింద దాగిపోవాలి. కాబట్టి సైజు ముందే ఖాయం చేసుకున్నాం. నాలుగక్షరాల పేరు, శనక్కాయ విత్తనమంత జాగాలో.

ఇలాంటి తప్పు మా వీధి పిల్లలే చేయగలరు. మా రెండిళ్ళలోనూ పట్టుచీరలు నేసేవాళ్ళు. మా వాళ్ళ లెక్కలో పనితనమంటే చిన్నగా నేయడం. అంచులో పెసరగింజంత హంసను నేసి, దానికి కన్ను కూడా కనబడేలా చేస్తే వీధంతా వచ్చి చూసి పోయేది. అటువంటి చోట పెరిగిన మాకు, అక్షరం ఎంత చిన్నదైతే అంత గొప్ప అనిపించడంలో వింత లేదు.

ముందు నా స్నేహితురాలు కూర్చుంది. ఆమె పళ్ళు బిగబట్టి ఊరుకుంది. ఆమె రెండో చెయ్యి పట్టుకుని నేను ఏడ్చాను. "ఇంత చిన్నగానా పాపా?" అని పచ్చబొట్లాయన ఒకసారి అడిగాడు. చిన్నగానే అన్నాం ఇద్దరం, గర్వంగా. ఆమెది పూర్తయింది. నేను కూర్చుని చెయ్యి చాపాను. మిషను ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది.

"బ్యాటరీ అయిపోయింది పాపా. లారీ షెడ్డు కాడ ఇంకోటి ఉండాది, తెస్తా. యాడికీ పోవద్దు" అని అతను సైకిలెక్కి వెళ్ళాడు.

పోవద్దంటే నిలబడే రోజు కాదది. ఆమెను వెంటేసుకుని సంత చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. గొర్రెల బేరగాళ్ళు మాకు దారి ఇవ్వడం మానేశారు. చివరికి టీ కొట్టు దగ్గర మా మామ కంటబడ్డాం.

మామ మా అమ్మకు తమ్ముడు. గళ్ళ కాగితం మీద చీరల అంచులకు డిజైన్లు గీయడం అతని పని. వయసులో ఉన్నప్పుడు ఒక సినిమా హీరో పేరు పొడిపించుకున్నాడు, మోచేతి నుంచి మణికట్టు దాకా. ఆ తర్వాత ఆ హీరోకు సినిమాలు అంతగా కలిసి రాలేదు. మామ మే నెల ఎండలో కూడా నిండు చేతుల చొక్కాలే వేసేవాడు.

"ఏమ్మే, చేతులు యెనక పెట్టుకోని నిలబడినారు? ఎవురి కోడిని పట్టినారు?"

నా స్నేహితురాలు మెల్లగా మణికట్టు చూపించింది.

"ఏందిది? చీమలు గుంపుగా కూచున్నట్ల ఉండాదే!"

"నా పేరు మామా" అన్నాను. "నేనూ ఇంతే సైజులో పొడిపించుకుంటా."

మామ వద్దనలేదు, తిట్టలేదు. భుజం మీది తెల్ల తువ్వాలు కొస నీళ్ళ గ్లాసులో ముంచి, పిండి, బల్ల మీద పరిచాడు. జేబులోంచి ఇంకు పెన్ను తీసి, ఆమె పేరు శనక్కాయ విత్తనమంత జాగాలో ముత్యాల్లా రాశాడు. చూస్తుండగానే అక్షరాలు ఒకదాన్నొకటి తాకి, వాటి పొట్టలు పూడిపోయి, నీలం మచ్చ మిగిలింది. దానికి రెండింతలు రాశాడు. అదీ పూడింది. మూడోసారి పేరు వదిలేసి, మొదటి అక్షరం ఒక్కటే, తన బొటనవేలి గోరంత రాశాడు. అది కూడా ఒళ్ళు చేసింది గానీ, పొట్టలో ఖాళీ మాత్రం అలాగే నిలిచింది.

"దారం మనం పెట్టినచోటే ఉంటాది పాపా. ఇంకు అట్ల కాదు, తోలు కింద పాకుతాది. పైగా నీ చెయ్యి ఇంకా పెరగాల" అన్నాడు.

గోరంత అక్షరం గాజుల కింద దాగదు. ఆ మాటే అన్నాను. అమ్మ చూస్తుంది గదా అన్నాను.

"చూస్తాది. ముందు పోయి అడుగు. దాసిపెట్టే దానికైతే పొడిపించుకునేది ఎందుకు?" అని, చొక్కా చెయ్యి ఒకసారి పైకి మడిచి, ఆ హీరోను మాకు చూపించి, మళ్ళీ కిందికి దించాడు. "దాసిపెట్టేది ఎంత కష్టమో నాకు తెలుసులే."

నా స్నేహితురాలు తన మణికట్టునే చూసుకుంటూ నిలబడింది. మామ నాలుక కరుచుకున్నాడు. "నీదానికేం కాదులేమ్మా. ఎవురన్నా అడిగితే నోటితో చెప్పు" అన్నాడు. ఆమె తలూపి, సామాను ఎక్కించాలని ఇంటికి పరిగెత్తింది. నేను తడి తువ్వాలు పట్టుకుని మా ఇంటికి పరిగెత్తాను.

అమ్మ రాట్నం మీద దారాన్ని కండెకు చుడుతోంది. కండె మధ్యలో అమ్మను దేవుడు కూడా లేపలేడు. నేను ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. రాట్నం ఆగలేదు. నేను గడపకూ గడియారానికీ మధ్య తిరిగాను. రెండున్నర, మూడు కావస్తోంది. చివరికి అమ్మ దారం తెంచి, తువ్వాలు అందుకుని, "ఈ మరక పోతాదా?" అంది. తర్వాత ఆ అక్షరాన్ని కాసేపు చూసింది. "ఆ పిల్లదేనా?" అంది. అవునన్నాను. లేచి చెప్పులు వేసుకుంది.

మూడున్నరకు పచ్చబొట్లాయన ముందు కూర్చున్నాం. "సూది వేన్నీళ్ళలో కడిగినావా అన్నా?" అని అమ్మ అతన్ని మూడుసార్లు అడిగింది. మూడోసారికి అతను పక్క హోటల్లో వేన్నీళ్ళు అడిగి తెచ్చుకున్నాడు. సైజు కోసం అమ్మ తన బొటనవేలే నా మణికట్టు మీద ఆనించి చూపించింది. అక్షరం చివరి వంపు తిరుగుతుండగా బస్సు హారను వినబడింది. మా ఊరి బస్సు పుట్టి బుద్ధెరిగి వేళకు వచ్చింది ఆ ఒక్కరోజే.

చేతికి రాసిన పసుపు కారుతుండగా పరిగెత్తాను. నేను చేరేసరికి బస్సు కదిలింది. వెనక కిటికీ దగ్గర నా స్నేహితురాలు కూర్చుని ఉంది. నేను చెయ్యి పైకెత్తాను. దుమ్ములోంచి, కదిలే బస్సులోంచి ఆమె చదివింది. చదివిందని నాకెలా తెలుసంటే, ఆమె పెదవులు ఆ అక్షరాన్ని పలికాయి. తర్వాత తన చెయ్యి కిటికీ బయట పెట్టి ఊపింది. నాకు కనబడింది నల్లటి మచ్చ ఒక్కటే. అది నా పేరని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మా ఇద్దరికీ తలలు నెరుస్తున్నాయి. ఆమె తాడిపత్రిలోనే ఉంటుంది. ఆ మచ్చేమిటని కనబడిన ప్రతివాళ్ళూ అడుగుతారట. అడిగిన ప్రతివాళ్ళకీ నా పేరు నోటితో చెబుతుందట. నాదాని గురించి ఎవరూ అడగరు, చదువుకుని ఊరుకుంటారు. ఎవరి సైజు సరైనదో మామను తర్వాత చాలాసార్లు అడిగాను. చొక్కా చెయ్యి సర్దుకునేవాడే గానీ తీర్పు చెప్పలేదు.

నా అక్షరం నాలాగే కొంచెం ఒళ్ళు చేసింది. పొట్టలో ఖాళీ మాత్రం ఇంకా పూడలేదు. ఇప్పటికీ ఏదైనా పని ఇంట్లో తెలియకుండా గుట్టుగా కానిచ్చేద్దామని కాళ్ళు నిలవనప్పుడు, గాజులు పైకి తోసి దాన్ని ఒకసారి చూసుకుంటాను. చూసుకుని ఇంటికి పోతాను. ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్న పని పూర్తయ్యేదాకా గడప దగ్గర తిరిగి తిరిగి, అప్పుడు అడుగుతాను.