మల్లెపూలు కట్టిన తర్వాత

పచ్చకామెర్లతో నేను తిరుపతిలో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు మా అత్త నా రొమ్ములకు మల్లెపూలు కట్టింది. మా నగరి వైపు పాలు మాన్పించాలంటే అదే పద్ధతి. పాపకప్పుడు మూడో నెల. నన్నొక్క మాట అడగలేదు. అడిగినా కాదనే ఓపిక నాకు లేదు. ఆ కోపం ఇప్పటికీ సగం ఆమె మీద, సగం నా మీద.

ఇల్లు చేరేసరికి పాలు ఇంకిపోయాయి. డబ్బాపాలు పాపకు పడలేదు. విరేచనాలతో తొడలు ముడతలు పడేంతగా చిక్కిపోయింది. టీకాలు వేసే నర్సమ్మ దాన్ని తూకం వేసి ముఖం చిట్లించింది.

"మళ్లీ రొమ్ముకు పట్టించుమ్మా. బిడ్డ చీకతా ఉంటే పాలు తిరిగొస్తాయి" అంది.

అత్తకు చెబితే నవ్వింది. "ఎండిపోయిన పాలు యాడనుంచి వస్తాయి మే? ఊరంతా నవ్వుతాది."

"నవ్వనీ అత్తా. ఊరొచ్చి నా బిడ్డకు పాలిస్తాదా?" అన్నాను. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు.

నర్సమ్మ చూపించినట్టు సన్నటి గొట్టం ఒక కొస డబ్బాపాల గిన్నెలో వేసి, రెండో కొస చనుమొన పక్కన అతికించి, రెండు గంటలకోసారి పాపను రొమ్ముకు పట్టించేదాన్ని. మొదట్లో అది రొమ్మును చూస్తేనే వెనక్కి విరుచుకుని ఏడ్చేది. నా బిడ్డకు నేనే పరాయిదాన్నయ్యాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. అయినా మొండికేసి కూర్చున్నాను. అన్నం మాడితే మాడనీ అన్నాను. నర్సమ్మ వారం వారం తూకం చూసి గిన్నెలో పాలు కొంచెం కొంచెం తగ్గించమనేది. "తాగేదంతా గొట్టం పాలే" అని అత్త ఎదురింటామెకు చెప్పేది, నాకు వినపడేలా.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఇంట్లో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. అత్త పని లేక వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గిన్నె ఖాళీ అయింది, పాప ఇంకా చీకుతూనే ఉంది. ఆమె చూస్తుండగానే గొట్టం పీకి పక్కన పడేశాను. పాప వదిలేస్తే ఇన్నాళ్ల పంతం అక్కడితో సరి.

పాప వదల్లేదు. మగ్గాల చప్పుడు లేని ఇంట్లో గుటక వినిపించింది. కాస్త ఆగి ఇంకొకటి.

అత్త దగ్గరకొచ్చి పాప గొంతు మీద వేలు ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"మింగతా ఉండాది" అంది.

"నా పాలే అత్తా" అన్నాను. "ఇంక మాన్పించేది ఎప్పుడో నేను చెప్తా."