రేవులో చెప్పుల వరుస

మా గౌలిపుర గల్లీలో ఆటోల ఛార్జింగుకు ఇప్పుడు ఎవరూ తమకు బదులు చెప్పు పెట్టి వరుస పట్టుకోరు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతున్నారు. ఒక కథలో నేను ఇంజినీరునట! పదితో బడి మానేసి, తర్వాతదంతా లైబ్రరీలో చదువుకున్నదాన్ని. జరిగింది జరిగినట్టు ఉండాలని రాస్తున్నాను.

మా ఇంటి ముందు రేకుల షెడ్డులో కరెంటు ఆటోలకు ఛార్జింగ్ పెడతాను. ఒకసారి ఒక బండి ఛార్జింగ్ పోర్ట్ కాలిపోతే లైబ్రరీకి వెళ్లి 'పోర్ట్ ఛార్జింగ్' మీద ఏమైనా ఉందా అని అడిగాను. మేడం తెచ్చిచ్చిన పత్రికలో ఆటోలు లేవు, ఓడలున్నాయి. పోర్ట్ అంటే ఆమెకు ఓడరేవు! అయినా తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. బ్యాటరీ ఓడలన్నీ ఒకేసారి ఛార్జింగుకు తగులుకుంటే రేవుకు వచ్చే లైను తట్టుకోదట. అందుకని ముందు వచ్చిన ఓడకు కాదు, ముందు బయలుదేరే ఓడకు కరెంటు ఇస్తారట.

షెడ్డులో ఆటోవాళ్లకు చెబితే నవ్వారు. "అక్కా, మూసీల ఓడలు నడిపిస్తవా ఏంది?"

ఆ నవ్వు ఒక ఎండాకాలం సాయంత్రం ఆగిపోయింది. పక్కింట్లో పాలమ్మే అత్త భర్త ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నాడు. ఆ ఇంటికీ మా షెడ్డుకీ ఒకే స్తంభం. ముందురోజు ఫ్యూజు పోయినప్పుడు వాళ్ల సిలిండరు వాడేశారు, కొత్తది ఇంకా రాలేదు. "రెండు బండ్లకు మించి పెట్టకు. మళ్ల పోతే నేనెప్పుడొస్తనో తెల్వదు" అని లైన్‌మన్ హెచ్చరించి వెళ్లాడు.

రెండు ప్లగ్గులూ నిండి ఉన్నాయి. చివర చెప్పు పెట్టిన యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఆటో తోలే తమ్ముడు ఓపిక పట్టలేక మూడో ప్లగ్గు గుచ్చేశాడు. షెడ్డులో బల్బు వెలుగు తగ్గి ఎర్రబడింది. గోడవతల కీచుమని మోత.

"మిషన్ మొత్తుకుంటున్నది బిడ్డా!" అత్త అరుపు.

ఉరికి వెళ్లి ప్లగ్గు పీకాను. మోత ఆగింది. తమ్ముడు నా మీదికి వచ్చాడు. "రైలు బండి వచ్చే టైమక్కా! సవారీలు పోతరు. నీ రేవుల నాకే జాగ లేదా?" మళ్లీ ప్లగ్గు అందుకున్నాడు.

అడ్డం నిలబడి, మొదటి ప్లగ్గు దగ్గరున్న స్కూల్ ఆటో చాచాను అడిగాను. "నువ్వెప్పుడు పోతవు చాచా?"

"పొద్దుగాల, పిల్లల్ని తీస్కొని."

"మరి ఇప్పుడు వానికియ్యరాదు?"

"చెప్పు పెట్టిన బేటీ. లైన్ అంటే లైన్."

అత్త గోడ మీదుగా తల ఎత్తింది. "పెద్దాయన రొమ్ము ఎగిరెగిరి పడుతున్నది. మీ లొల్లి తర్వాత పెట్టుకోండ్రి."

చాచా ఆమెను చూశాడు. తన ప్లగ్గు తానే పీకి తమ్ముడి చేతిలో పెట్టాడు. వరుసలో ఇంకా మొదటే ఉన్న తన చెప్పు తీసి కాలికి తొడుక్కున్నాడు. "చెప్పు కాలికుంటేనే మంచిగుంటది తియ్."

సిలిండరు వచ్చేదాకా అందరం ఆ బల్బునే చూస్తూ కూర్చున్నాం. ఫ్యూజు నిలిచింది. మర్నాటి నుంచి మా షెడ్డులోనూ ముందు బయలుదేరే బండికే ముందు ప్లగ్గు.

పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు గనక గల్లీ పిలుపులతోనే మొక్కుతున్నాను: స్కూల్ చాచాకు, అలిగినా ఆగిన స్టేషన్ తమ్ముడికి, లైన్‌మన్ అన్నకు, ఆ పూట మమ్మల్ని తిట్టిన పాల అత్తకు, అడిగినదొకటైతే ఓడలు తెచ్చిచ్చిన లైబ్రరీ మేడంకు.