చిమ్టా బోల్టు బిగించిన ఆదివారం

నేను ఢిల్లీ కంటోన్మెంటులో రిపోర్టు చేసింది నవంబరు ఉదయం. నల్ల ట్రంకు, పరుపుచుట్ట బిస్తరు, భుజాన పనిముట్ల సంచి. పొగమంచు కాదది, ఉత్త పొగ. వర్క్‌షాపు గేటు ఎదురుగానే ఉన్నా కనపడలేదు. లడాఖ్ నుంచి వచ్చినవాణ్ణి, గాలి తక్కువైతే ఓర్చుకుంటాను. ఈ గాలిని మింగడం మాత్రం నా వల్ల కాలేదు.

ఊళ్లో అందరూ నన్ను సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. మంచు, బంకరు, తుపాకులు. చెబుతూనే ఉంటాను. కానీ నన్ను నిజంగా నలిపేసిన పోస్టింగు ఢిల్లీయే. అక్కడ ఒక్క గుండూ పేలలేదు. ఓ పాత మోటారు సైకిలు వెనక భాగం బాగుచెయ్యడం, అంతే నా యుద్ధం. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ బండి మా డ్రైవరుది. లడాఖ్‌లో మా కాన్వాయ్ ముందు ట్రక్కు అతనే నడిపేవాడు. కడప జిల్లా మనిషి. నేను విజయనగరం వాణ్ణి, మెకానిక్‌ని. నా యాస మీద వాడు, వాడి యాస మీద నేను నవ్వుకుంటూ రెండు చలికాలాలు గడిపాం. కడుపులో క్యాన్సరని తేలి, నాకంటే ముందే ఢిల్లీ సైనిక ఆసుపత్రికి చేరాడు. అతని భార్య పద్మ జనక్‌పురిలో ఒక గది అద్దెకు తీసుకుంది.

మొదటి రోజు వార్డులో అతని మంచం దాటి వెళ్లిపోయాను. వెనక నుంచి పిలుపు.

"ఏం ఉస్తాద్, నన్నే గుర్తుపట్టలేదా?"

గొంతు అదే. మనిషే సగం లేడు. చలి ఎక్కువగా ఉందన్నాను.

"చలి సంగతి ఇడిసిపెట్టు. నా బండి చూడుప్పా. వెనక చక్రం ఊగుతాంది. బాగు చేసియ్యి. పద్మను వెనక కూచోబెట్టుకోని ఒక్కసారి తిప్పాల."

"డాక్టరు ఏటన్నాడు?"

"ఆదివారం పూట బయటికి పంపుతాడంట. ఇంకెన్ని ఆదివారాలుంటాయో ఆయనకూ తెలీదు." నవ్వాడు. "ఢిల్లీలో పదహైదేండ్లు నిండితే పెట్రోలు బండి రోడ్డెక్కగూడదంట. దానికి ఈ నెల్తో నిండుతాయి. ఇద్దరికీ ఒకేసారి చెల్లు."

ఆ మాటకు తల తిప్పుకున్నాను. ఏడిస్తే వాడు ఊరుకోడు.

జనక్‌పురిలో పద్మ గది ముందు ఉందది, దూరప్రయాణాల బండి. పెద్ద ట్యాంకు, ఎత్తు అద్దం, రెండు పక్కలా పెట్టెలు. సెలవు దొరికితే మొగుడూ పెళ్లాం దానిమీదే కడప దాకా వెళ్లేవారట. చక్రం పట్టుకుని ఊపి చూశాను. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే ఇనప చట్రాన్ని స్వింగ్ ఆర్మ్ అంటారు, ఢిల్లీ మెకానిక్కుల భాషలో చిమ్టా. అది ఇరుసు బోల్టు దగ్గర పగిలింది. లోపలి రబ్బరు బుష్‌లు పిండైపోయాయి. ఆ పగులుతో మనిషిని ఎక్కిస్తే చంపినట్టే.

ఆ మోడలు తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. పాత సామాన్ల బజారులో ఒకడు కొత్తగా రంగేసిన చిమ్టా చూపించాడు.

"ఏక్ నంబర్ మాల్ హై, ఫౌజీ భాయ్."

గోరుతో గీకాను. రంగు కింద అతుకు. కోపం పట్టలేక దాన్ని వాడి కౌంటరు మీద పడేసి వచ్చేశాను. తర్వాత ఢిల్లీ అవతల వైశాలి దాకా వెళ్లాను, వట్టి చేతులతో వచ్చాను. మొదటి ఆదివారం అలా పోయింది.

రోజూ ఫోన్ చేసేవాడు. వైర్‌లెస్ సెట్టులో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

"బండి పొజిషన్ చెప్పు. ఓవర్."

"సామాను దొరకలేదు. వెతుకుతున్నాను. ఓవర్."

"అచ్ఛా. నేను యాడికీ పోను. ఓవర్."

రెండో ఆదివారం కూడా పోయింది. ఆ రాత్రి ఫోన్లో ఓవర్ అనలేదు. దగ్గు వినిపించింది, తర్వాత పద్మ గొంతు. "అన్నా, తొందరగా చెయ్యన్నా. అన్నం దిగడం లేదు." నేను బ్యారక్ బయట నిలబడి గోడను గుద్దాను. పర్వతాల్లో విరిగిన ట్రక్కుల్ని లేపినవాణ్ణి, మోటారు సైకిలు ముక్క ఒకటి సంపాదించలేకపోతున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

చివరికి దాన్ని కనిపెట్టింది పద్మే. వాళ్ల వీధి చివర ఒక ముసలి పంజాబీ అంకుల్ ఇంటి మెట్ల కింద అదే మోడలు బండి తుప్పు పడుతోంది. నేను సంగతి చెప్పడం పూర్తి కాకుండానే ఆయన లోపలికెళ్లి తన పానాలు పట్టుకొచ్చాడు. "లే జా బేటా," పట్టుకుపొమ్మన్నాడు. చిమ్టా నిక్షేపంగా ఉంది. కొత్త బుష్‌లు బల్ల మీది వైస్‌లో బిగించి నొక్కి ఎక్కించాను.

మా సుబేదార్ సాబ్ జవాన్ల సొంత బండ్లను వర్క్‌షాపులోకి రానివ్వడు. విషయం విని గేటు పక్క షెడ్డు తాళం నా చేతిలో పెట్టాడు. "సండే కో నిప్టా లేనా," ఆదివారం పని ముగించుకోమన్నాడు.

ఇక మిగిలింది ఆ ఇరుసు బోల్టు. చక్రం గాల్లో వేలాడుతుండగా దాన్ని బిగిస్తే, మనిషి ఎక్కగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది. చక్రం నేలకు ఆనాలి, మనిషి ఎక్కాలి, బండి కిందికి దిగాలి, అప్పుడే బిగించాలి. మా దగ్గర ఇంకో పట్టింపు ఉండేది. బండి ఎవరిదో వాడే ఎక్కాలి. ఇంకొకణ్ణి ఎక్కించి బిగిస్తే బండి యజమానికి అచ్చిరాదని మెకానిక్కులందరం నమ్మేవాళ్లం.

మూడో ఆదివారం మధ్యాహ్నం పద్మ అతన్ని ఆటోలో తీసుకొచ్చింది. మఫ్లరు, రెండు స్వెటర్లు, కాన్వాయ్ రోజుల జాకెట్టు. జాకెట్టు లోపల మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. ఎత్తి కూర్చోబెట్టాను. వెనక వంగి, పానా పట్టుకుని, స్ప్రింగు కేసి చూశాను.

స్ప్రింగు దిగలేదు.

అతను సీటు మీద ఉన్నాడు, కాళ్లు పైకెత్తుకున్నాడు, బండిని నేను పట్టుకున్నాను. అయినా ఎవరూ ఎక్కనట్టే ఉంది.

"ఏమాయె? బిగించు," అన్నాడు.

"బరువు... చాలడం లేదురా."

అతను వెనక్కి తిరిగి సీటు తట్టాడు. "పద్దూ, రా. నువ్వెక్కు. బండి మనిద్దరిదీ గదా." ఆమె ఎక్కి అతని నడుం చుట్టూ చేతులు వేసి, వీపుకు ముఖం ఆనించింది. అప్పుడు దిగింది బండి. కళ్లు మసకబారుతుంటే తడుముకుంటూ బిగించాను.

కానీ క్లచ్ నొక్కడానికి అతని వేళ్లకు సత్తువ లేదు. రెండుసార్లు ప్రయత్నించి నా వైపు చూశాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను. "హ్యాండిల్ పట్టుకో చాలు," అని వెనక నుంచి తోశాను. ఇంజను లేదు, చప్పుడు లేదు. షెడ్డు నుంచి మెస్ దాకా వేపచెట్ల కింద తారురోడ్డు. నేను రొప్పుతూ తోస్తున్నాను. అతను నడుపుతున్నాడు.

"ఊగడం లేదుప్పా!" అని అరిచాడు. "అస్సలు ఊగడం లేదు!"

నాలుగో ఆదివారం అతనికి రాలేదు. పద్మ బండిని రైల్లో కడపకు తీసుకుపోయింది. రెండేళ్లకు నేనూ పెన్షన్ తీసుకుని విజయనగరం వచ్చేశాను. బస్టాండు దగ్గర చిన్న షెడ్డు, నాలుగు బండ్ల పని.

ఇప్పటికీ చిమ్టా పని వస్తే బండివాణ్ణే ఎక్కమంటాను. ఎక్కుతారు, స్ప్రింగు దిగుతుంది, బిగిస్తాను. అది దిగే లోపు ఉండే ఆ ఒక్క క్షణం మాత్రం నాకు ఊపిరాడదు.