తవిటయ్య పిడికిలి

పోర్టులో తవిటయ్య క్రేను నడిపేవాడు. ఓడ మీద నిలబడి అతనికి చేతులతో సైగలు చేసేవాణ్ణి నేను. వేలు పైకి చూపితే బరువు లేపాలి, అరచెయ్యి కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఎక్కడిదక్కడ ఆపెయ్యాలి. పదకొండేళ్లలో నా పిడికిలిని అతను ఒక్కసారీ మీరలేదు.

అతని పిచ్చల్లా రోలర్ కోస్టర్లు. జర్మనీ, హాలెండ్ ఓడలొస్తే అందరూ నావికుల్ని సిగరెట్లడిగేవారు. ఇతను వాళ్ల దేశపు వినోదాల పార్కుల రంగు ప్రచార కాగితాలడిగి, నోటుబుక్కులో అంటించుకునేవాడు. ఆ తెగులు నాకూ అంటించాడు.

డెబ్భై తొమ్మిదిలో ఒక కాగితం వచ్చింది. పట్టాలు గుండ్రంగా చుట్టుకున్నాయి, బండిలో మనుషులు తలకిందులుగా ఉన్నారు.

"కొత్తది ఏసినారు బావా. రెండు సుట్లు," అన్నాడు తవిటయ్య.

"పాతదే నయం. చెక్కది. కటకటమంటుంటే ఆ భయమే వేరు."

"నువ్వెప్పుడెక్కినావేటి, సెవులారా ఇన్నట్టే సెప్తన్నావ్?"

"నువ్వు మాత్రం ఎక్కావా?"

"నాను రోజూ ఎక్కుతన్నాను కదేటి. కేబిన్లో కూకుంటే యారాడ కొండ నా పక్క సీటే."

ఆ ఏడే ఊళ్లో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్ దగ్గర తవిటయ్య వెనకాడాడు. "ఒంట్లో బాగోలేదు బావా, ఒగ్గీ."

"జర్మనీ బండి గురించి అంత చెబుతావు, దీనికే జంకితే ఎలా?" అని అతన్నీ, అతని భార్య చిలకమ్మనీ ఎక్కించాను. నేను మాత్రం వాళ్ల చెప్పులకు కాపలా ఉన్నాను. నాకు ఎత్తంటే భయమని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మూడో చుట్టులో, పైనుంచి తవిటయ్య చెయ్యి బయటికి చాపి నాకేసి పిడికిలి బిగించాడు. వేళాకోళం అనుకున్నాను. వేలు పైకెత్తి చూపించాను, ఇంకా లేపమని.

దిగేసరికి చొక్కా నిండా కక్కుకున్నాడు. స్తంభం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు క్యాంటీన్లో అదంతా నటించి చూపించాను. అందరికంటే ఎక్కువ నవ్వింది ఫోర్‌మన్ సీతారామాంజనేయులుగారే. నవ్వు అయ్యాక నెమ్మదిగా అన్నారు: "ఎత్తులో కళ్లు తిరిగేవాణ్ణి క్రేను మీద ఎలా ఉంచనయ్యా?"

డాక్టరు చూస్తే చెవి లోపల జబ్బని తేలింది. ఆరు నెలలుగా ఉందట, చిలకమ్మకు కూడా చెప్పలేదట. తల తిరిగిన రోజున సెలవు పెట్టేవాడట. ఆ ఆరు నెలలూ ఆ బరువుల కింద నిలబడ్డవాణ్ణి నేనే. ఫోర్‌మన్ గారిది తప్పని అనలేను. కానీ ఆయన చెవిన వేసినవాణ్ణీ నేనే.

తవిటయ్యను గేటు దగ్గర స్టూలు మీద కూచోబెట్టారు. వచ్చేపోయేవాళ్ల పాసులు చూడటం పని. నా పాసు కూడా తిప్పి చూసి ఇచ్చేవాడు.

రెండేళ్లకు హాలెండ్ ఓడలో కొత్త కాగితం దొరికింది. పరుగున గేటుకు పట్టుకెళ్లాను.

"మూడు సుట్లా," అన్నాడు, దానికేసే చూస్తూ.

"ఎన్నున్నా పాతదే నయం బావా. ఆ కటకట..."

అతను తలెత్తలేదు. కాగితం మడిచి నా జేబులో పెట్టి, ఒళ్లో ఉన్న చేతిని మెల్లగా పిడికిలిగా బిగించాడు.

మాట అక్కడే ఆపేశాను.